ప్రోగ్రాం ఒప్పు, జవాబు తప్పు

గత రంజాన్‌లో మన కంప్యూటర్ శిక్షణ కేంద్రం చూడటానికి వచ్చిన దాత ఒకరు మమ్మల్ని అడిగారు: "మాస్టర్ సాబ్, పిల్లలకు ప్రోగ్రాం రాయడం నేర్పితే చాలదా? కంపైలర్ లోపల ఏం జరుగుతుందో వీళ్ళకెందుకు?" ఇఫ్తార్ వేళ దగ్గరపడటంతో అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఆ బాకీ ఇక్కడ తీరుస్తున్నాం.

విద్యార్థి సి భాషలో రాసిన ప్రోగ్రాం యంత్రానికి నేరుగా అర్థం కాదు. దాన్ని యంత్రం భాషలోకి మార్చి ఇచ్చేదే కంపైలర్. అది ఉన్నదున్నట్టు మార్చి ఊరుకోదు. పని త్వరగా జరగడానికి కొన్ని అడుగులు తగ్గిస్తుంది, కొన్నిటిని ముందువెనుకలు చేస్తుంది. దీన్నే ఆప్టిమైజేషన్ అంటారు. షరతు ఒక్కటే: దారి మారినా జవాబు మారకూడదు.

మనందరికీ తెలిసిన లెక్కే తీసుకుందాం. జకాత్ అంటే నలభయ్యో వంతు. ప్రోగ్రాంలో "మొత్తాన్ని 40తో భాగించు" అని రాస్తాం. యంత్రానికి గుణకారం కన్నా భాగహారానికి ఎక్కువ సమయం పడుతుంది. అందుకని కంపైలర్ భాగహారాన్నే తీసేసి, ఆ మొత్తాన్ని 343,59,73,837తో గుణించి, ద్విసంఖ్యా విధానంలో చివరి 37 అంకెలు కొట్టేస్తుంది. వెయ్యితో భాగించాలంటే మనం చివరి మూడంకెలు కొట్టేయమా, అలాగే. వినడానికి గారడీలా ఉంటుంది గానీ, 32 బిట్ల ధన పూర్ణసంఖ్య దేనికైనా జవాబు సరిగ్గానే వస్తుంది. కావాలంటే కాగితం మీద చేసి చూడండి.

ఇప్పుడు కంపైలర్ రాసినవారు ఆ గుణకంలో చివరి 7 బదులు 6 వేశారనుకోండి. ఇది మా ఊహ మాత్రమే. 4,00,000 రూపాయల మీద 10,000 రావలసింది 9,999 వస్తుంది. 4,00,001 ఇస్తే మాత్రం చక్కగా 10,000 వస్తుంది. 40తో శేషం లేకుండా భాగించబడే మొత్తాలకే తప్పు, తక్కినవన్నీ ఒప్పు. ప్రోగ్రాంను పదిసార్లు చదివినా తప్పు దొరకదు, అది అక్కడ లేదు కాబట్టి. పోయింది ఒక్క రూపాయే కదా అనవచ్చు. జకాత్ సొమ్ము అమానత్. ఆ రూపాయి హక్కుదారుడిది.

ఇలాంటివి నిజంగానూ జరుగుతాయి. 2014 జూలైలో లినక్స్ కెర్నెల్‌లో, ప్రాసెసర్ల మధ్య పని పంచే భాగం కారణం తెలియకుండా అప్పుడప్పుడు కూలిపోయింది. లైనస్ టోర్వాల్డ్స్ చివరికి కంపైలర్ తయారుచేసిన యంత్ర సూచనలనే చదివి చూశారు. కంపైలర్ పేరు జీసీసీ 4.9.0. సూచనల వరుస మార్చే క్రమంలో అది ఒక విలువను, స్టాక్‌లో చోటు కేటాయించకముందే అక్కడ దాచింది. గది అద్దెకు తీసుకోకముందే సామాను దించినట్టన్నమాట. సరిగ్గా ఆ క్షణంలో మరో అత్యవసర పని అడ్డువస్తే, అది ఆ చోటు వాడుకుని విలువను పాడుచేస్తుంది. రాకపోతే ఏమీ కాదు. ఈ దోషం 4.5 వెర్షన్ నుంచే ఉందట, బయటపడింది మాత్రం 4.9లో. జీసీసీవారు అసలు దోషాన్ని సరిచేశారు. పాత కంపైలర్ వాడేవారి కోసం, దోషానికి కారణమైన భాగం పనిచేయకుండా కెర్నెల్‌లో ఒక్క ఐచ్ఛికం చేర్చారు.

సరిచేసేవారు మొదట అనుమానించవలసింది ప్రోగ్రాంనే. మా క్లాసులో "కంపైలర్ తప్పు సార్" అన్న ప్రతి పిల్లవాడి ప్రోగ్రాంలోనూ ఇంతవరకు వాడి తప్పే బయటపడింది! ప్లస్, మైనస్ రెండూ పట్టే పూర్ణసంఖ్య హద్దు దాటితే ఏమవాలో సి భాషా నియమాలు చెప్పవు. అలా జరగదనే నమ్మకంతో కంపైలర్ కొన్ని పరీక్షలను కొట్టేస్తుంది. అది దాని దోషం కాదు.

ప్రోగ్రాం నిర్దోషి అని తేలాక కోత మొదలవుతుంది. ఒక్కో వరుస తీసేస్తూ, తప్పు ఇంకా వస్తోందా అని చూస్తూ, వేల వరుసలను పది పదిహేనుకు తెస్తారు. తర్వాత కంపైలర్ దశల్లో ఏ దశ దాటాక అర్థం మారిందో వెదుకుతారు. చాలాసార్లు దొరికేది ఒక చూడని షరతు: "ఇలా ఉంటేనే మార్చు" అనవలసిన చోట "మార్చు" అని ఉంటుంది. ఆ దశనే ఆపేస్తే సులువే, కానీ అందరి ప్రోగ్రాంలూ నెమ్మదిస్తాయి. షరతు చేర్చి, ఆ పది వరుసలను పరీక్షల్లో శాశ్వతంగా ఉంచుతారు, అదే తప్పు మళ్ళీ దూరకుండా.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంవారు సీస్మిత్ అనే సాధనం తయారుచేశారు. అది తనంతట తానే సి ప్రోగ్రాంలు రాస్తుంది. వాటిని వేర్వేరు కంపైలర్లకిచ్చి జవాబులు పోల్చారు, ఒకే జవాబు పత్రాన్ని నలుగురితో దిద్దించినట్టు. మూడేళ్ళలో 325కు పైగా కొత్త దోషాలు దొరికాయని 2011లో ప్రకటించారు. ఫ్రాన్స్‌లో పుట్టిన కాంప్‌సర్ట్ కంపైలర్‌లో గణిత నిరూపణ పొందిన ఆప్టిమైజేషన్ భాగంలో మాత్రం తప్పు జవాబిచ్చే దోషం వారికి దొరకలేదు.

ఈ ఏడాది మన సంస్థ జకాత్ లెక్కల ప్రోగ్రాం మన పిల్లలే రాశారు. రెండు కంపైలర్లతో, ఆప్టిమైజేషన్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి నడిపారు. పరీక్షల పట్టికలో 4,00,000 ఉంది, 4,00,001 కూడా ఉంది. పక్కన చేత్తో వేసిన జవాబులున్నాయి. ఆ దాత ఈ రంజాన్‌లో మళ్ళీ వస్తే, ఇన్షా అల్లాహ్, ఇఫ్తార్‌కు ముందే ఆ పట్టిక చూపిస్తాం.