తెరచాప నావకు అతిథులను పిలుచునపుడు

మన యింటికి చుట్టములు వచ్చునపుడు ఇంటిలోని యిబ్బందులను వారికి చెప్పము. నూతిలో నీరు తక్కువగా నున్నను, పడుకొనుటకు చోటు చాలకున్నను, అంతయు సౌకర్యముగనే యున్నది, తప్పక రండని వ్రాయుదుము. అది మన మర్యాద. కాని తెరచాప నావలో నాలుగు దినములు గడపుటకు చుట్టములను పిలిచినపుడు ఈ మర్యాదయే ప్రాణముమీదికి తెచ్చును. ఈ సంగతిని మేము అనుభవముచే నేర్చుకొంటిమి.

తెరచాప తెలుగువారికి క్రొత్తది కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కలదు. 2017-18లో 'తారిణి' యను తెరచాప నావపై భూమిని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళలలో ఇరువురు మన విశాఖపట్టణము, హైదరాబాదు ఆడపడుచులే. అయినను నేడు మన యిండ్లలో నావపై నిదురించి యెరిగినవారు అరుదు. కావుననే పిలుచువారి బాధ్యత హెచ్చుగా నున్నది.

కొన్ని వేసవులుగా మేము గ్రీసు దేశమున, ఈజియన్ సముద్రములోని సిక్లడీస్ దీవుల నడుమ 40 అడుగుల నావలో తిరుగుచున్నాము. ఒక యేడు మా బావగారిని రమ్మంటిమి. దీవుల యందమును గూర్చి నాలుగు పుటలు వ్రాసితిమి. అలలకు కడుపు త్రిప్పునని ఒక్క మాటయు వ్రాయలేదు. మొదటి సాయంకాలమే ఆయన ముఖము వెలవెలబోయెను. "ఒంట్లో బాగున్నదా బావగారూ?" అని అడిగితిమి. "నాకేమి, నిక్షేపముగా నున్నాను" అనిరి. నడురేయి ఎవ్వరికిని చెప్పక లేచి, ఒంటరిగా నావ అంచునకు పోయి, వంగి వాంతి చేసికొనుచుండగా పెద్ద అల యొకటి తగిలెను. చుక్కాని వద్దనున్నవారు చొక్కా పట్టుకొని లాగుటచే ఆయన దక్కిరి. తెల్లవారినపిదప, "మీ నిద్ర పాడుచేయుట యెందుకని లేపలేదు" అనిరి. తప్పు ఆయనది కాదు. ముందు చెప్పని మాది.

ఆ తప్పు ఎంతటిదో లెక్క వేసి చూడవచ్చును. నావ గంటకు 11 కిలోమీటర్లు నడచునపుడు అది మన సైకిలు నడకయే. అయినను ఒక్క నిమిషములో 180 మీటర్లు దాటిపోవును. చీకటిలో, అలల నడుమ, అంత దూరమున తేలుచున్న తల కంటికి కానరాదు.

కాబట్టి ఇప్పుడు మేము పిలుపుతోపాటు ఈ విషయములను వ్రాయుచున్నాము.

మొదటిది, కడుపు త్రిప్పుట సిగ్గుపడవలసిన పని కాదు. ఏండ్ల తరబడి సముద్రముమీద బ్రదికినవారికిని వచ్చును. వైద్యుని యడిగి తెచ్చుకొన్న మాత్రను బయలుదేరుటకు ముందే వేసికొనవలెను. వాంతి మొదలైన పిదప మాత్ర కడుపులో నిలువదు. గదిలో దూరి పడుకొనక, పైన గాలిలో కూర్చుండి, దూరముగా ఆకాశము నీటిని తాకుచోటను చూచుచుండవలెను. వికారము తోచినచో వెంటనే చెప్పవలెను. రాత్రివేళ ఒంటరిగా అంచునకు పోరాదు.

రెండవది, సామాను. ఇనుప పెట్టెలు, చక్రముల పెట్టెలు నావలో ఇముడవు. మడచి దాచుటకు వీలగు గుడ్డసంచి తేవలెను. జారని రబ్బరు అడుగుగల బూట్లు, టోపి, చలికోటు ఉండవలెను.

మూడవది, గాలి. జూలై, ఆగస్టు నెలలలో అచ్చట 'మెల్టెమీ' యను ఉత్తరపు గాలి వీచును. ఆకాశమున మబ్బుతునకయైనను లేకుండగనే అది విజృంభించును. నావ రేవు విడువలేక ఒకటి రెండు దినములు నిలిచిపోవచ్చును. అందుచే తిరుగు ప్రయాణపు విమానమునకు ముందు ఒకటి రెండు దినములు చేతిలో నుంచుకొనవలెను. తొందర పెట్టు అతిథి నావకు తుపానువంటివాడు.

నాలుగవది, నీరు. మా తొట్టిలో 300 లీటర్లు పట్టును. ఆరుగురు నాలుగు దినములు గడపవలెనన్న, తలకు దినమునకు 12 లీటర్లే వచ్చును. ఇంట ఒక బకెట్టు స్నానమునకే అంతకు మించును. గిన్నెలను సముద్రపు నీట తోమి, తుదకు మాత్రమే మంచినీట తొలుపుదుము. మరుగుదొడ్డి గొట్టము సన్ననిది. అందులో కాగితము వేయరాదు.

అతిథులు నావ యెక్కిన తరువాత మొదటి గంటను మేము ఫలహారములకు గాక పాఠమునకు వినియోగింతుము. ఎవరి లైఫ్‌జాకెట్టును వారికి తొడిగి బిగించి చూపుదుము. తెరచాప అడుగున నున్న దూలము గాలి మారినపుడు ఒక్క వ్రేటున అటునుండి యిటు తిరుగును గనుక, దానికి తల యందనీయరాదని చెప్పుదుము. రేవు చేరునపుడు నావకును గట్టుకును నడుమ కాలుగాని చేయిగాని పెట్టరాదు. ఆ బరువును మనుష్యుడు ఆపలేడు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నావ అడుగున నిలిచి నిప్పురవ్వకై వేచియుండును. అందుచే వంట కాగానే సిలిండరు వద్దనే కట్టివేయవలెను. ఎవరైన నీటబడినచో కేకవేసి, తేలుడు చక్రమును విసరి, ఒకరు మాత్రము కన్ను మరల్పక వారివైపు వ్రేలు చూపుచునే యుండవలెను. నావను త్రిప్పువారికి ఆ వ్రేలే దారి.

ఇక రేడియో. మన యింటి రేడియో వినుటకు. నావ రేడియో మాటలాడుటకును. సరంగే నీటబడినచో దానిని మీటువారెవరు? అందుచే ప్రతి అతిథికిని నేర్పుదుము: 16వ ఛానెలు పెట్టి, మీట నొక్కి, 'మేడే' అని ముమ్మారు పలికి, నావ పేరు, ఉన్న చోటు, వచ్చిన ఆపద, మనుష్యుల సంఖ్య చెప్పి, మీట విడిచి వినవలెను. పదేండ్ల పిల్లలును దీనిని ఒక పూటలో నేర్చుకొందురు.

ఇన్ని చెప్పినచో చుట్టములు బెదరి రాకపోవుదురేమో యని మేమును మొదట జంకితిమి. రానివారు కొందరు లేకపోలేదు. వచ్చినవారు మాత్రము అతిథులుగా గాక నావలో సగపాలు పంచుకొనువారుగా వచ్చుచున్నారు. మా బావగారును మరుసటి యేడు తిరిగి వచ్చిరి. మొదటి సాయంకాలమే, "నాకు కడుపు త్రిప్పుచున్నది, ఒకరు నా ప్రక్కన కూర్చుండుడు" అనిరి. ఆ రాత్రి మేమందరము నిశ్చింతగా నిదురపోతిమి.