పై గది ఇస్తామంటే ఒప్పుకోవాలా?

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మా ఇల్లు రెజిమెంటల్ బజారులో. సికింద్రాబాద్ స్టేషను మాకు కూతవేటు దూరం. రైలు టైముకి అరగంట ముందు పొయ్యి ఆర్పి, తలుపు తాళం వేసి, సంచీ పట్టుకుని నడిచిపోయేవాళ్ళం మేము. అందుకే మా వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చినా కాళ్ళకు నీళ్ళిచ్చే లోపలే “బెర్తు దొరికిందా?” అని అడుగుతారు. “స్లీపరుకి కొన్నామండీ, ఏసీలో వేశారు, పైసా అదనంగా అడగలేదు” అని ఎవరైనా అన్నారో, ఇక ఆ అదృష్టాన్ని వారం రోజులు చెప్పుకుంటాం.

ఆ అదృష్టం వెనక ఒక లెక్క ఉంది. రైల్వేవారు 2006లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పై తరగతిలో బెర్తులు మిగిలిపోయి కింది తరగతిలో వెయిటింగ్ లిస్టు పేరుకుపోతే, చార్టు వేసేటప్పుడు పూర్తి ఛార్జీ చెల్లించిన కొందరిని పైకి జరుపుతారు. వాళ్ళు వదిలిన బెర్తులు వెయిటింగులో ఉన్నవాళ్ళకు వెళతాయి. అంటే మనమీద ప్రేమతో చేసింది కాదు, బెర్తు ఖాళీగా పోకూడదని చేసుకున్న ఏర్పాటు. ఒక టిక్కెట్టు మీద నలుగురుంటే నలుగురినీ జరుపుతారు, లేకపోతే ఒక్కరినీ జరపరు. ఫారంలో “వద్దు” అని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అయితే మోకాళ్ళ నొప్పుల పెద్దావిడకు అడిగి సంపాదించిన కింది బెర్తు, పై తరగతికి వెళ్ళాక కూడా కిందిదే దొరుకుతుందన్న హామీ లేదు.

ఈ చివరి మాట కాస్త గుర్తుంచుకోండి. ఇవాళ నేను చెప్పబోయేది రైలు సంగతి కాదు, ఓడ సంగతి. అయినా కీలకమంతా ఈ మాటలోనే ఉంది.

“ఓడ ప్రయాణం మనబోటి వాళ్ళకెందుకమ్మా?” అనుకునే రోజులు పోయాయి. 2022 జూన్‌లో కార్డేలియా వారి ఎంప్రెస్ అనే విహార నౌక మన విశాఖపట్నం నుంచే ప్రయాణికులను ఎక్కించుకుని వెళ్ళింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో ఇలాంటి నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా ప్రారంభించారు. పిల్లలు సింగపూరులోనో అమెరికాలోనో ఉంటే, మనం చూడబోయినప్పుడు “అమ్మా, మూడు రోజులు ఓడలో తిప్పుతాం” అనడం ఇప్పుడు మామూలైపోయింది. టిక్కెట్టు కొన్న కొన్నాళ్ళకు వాళ్ళకొక ఉత్తరం వస్తుంది, కంప్యూటర్లోకి. మీ గదికన్నా మంచి గది ఇస్తాం, ఎంత ఇస్తారో చెప్పండి అని. అక్కడ మొదలవుతుంది ఇంట్లో చర్చ.

ముందు గదుల రకాలు చెప్పుకుందాం. అన్నిటికన్నా చవకది లోపలి గది. దానికి కిటికీ ఉండదు. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. తరవాతది కిటికీ గది. సముద్రం కనబడుతుంది కాని అద్దం తెరుచుకోదు. ఆ పైన బాల్కనీ గది, రెండు కుర్చీలు వేసుకుని గాలికి కూర్చోవచ్చు. అన్నిటికన్నా పైది సూట్, అంటే హాలూ పడకగదీ ఉన్న చిన్న ఇల్లు లాంటిది. చాలా ఓడల్లో లోపలి గది వాళ్ళకూ బాల్కనీ గది వాళ్ళకూ భోజనశాల ఒకటే, ఆటపాటలు ఒకటే, ఈతకొలను ఒకటే. సూట్ వాళ్ళకే ప్రత్యేక మర్యాదలు కొన్ని ఉంటాయి.

ఇక పై గది సంపాదించే దారులు. మొదటిది, అన్నిటికన్నా తిన్ననిది: టిక్కెట్టు కొనే రోజునే పై రకానికి తేడా ఎంతో అడగడం. ఒక్కొక్కప్పుడు లోపలి గదికీ కిటికీ గదికీ తేడా చాలా తక్కువగా ఉంటుంది. పైగా ఏ అంతస్తు, ఏ నంబరు అన్నది మనమే చూసి ఎంచుకోవచ్చు.

రెండోది “గ్యారంటీ” పద్ధతి. గది రకం మనం చెబుతాం, నంబరు కంపెనీవారే తరవాత ఇస్తారు. మనం కొన్న రకానికి తగ్గకుండా ఇస్తారు, అదృష్టం బాగుంటే పైది ఇస్తారు. కాని ఎక్కడ వేసినా కాదనడానికి లేదు.

మూడోది ఓపిక ఉన్నవాళ్ళది. ఓడ బయలుదేరడానికి సాధారణంగా రెండు మూడు నెలల ముందు మొత్తం పైకం కట్టడానికి గడువు పెడతారు. ఆ గడువు దగ్గర చాలామంది మానుకుంటారు, గదులు మిగులుతాయి. అప్పుడు ఏజెంటుకి ఫోను చేసి పై గది ధర ఏమైనా తగ్గిందా అని అడగాలి. అడిగినందుకు పోయేదేమీ లేదు.

నాలుగోది నేను చెప్పిన ఉత్తరం, అంటే పాట. మనకు చిట్టీ పాటలు తెలుసు కదా! అయితే చిట్టీ పాటలో పక్కావిడ ఎంత పాడిందో మన చెవిన పడుతుంది. ఇక్కడ పడదు. కళ్ళు మూసుకుని పాడాలి. మన పాట నచ్చితే కార్డులోంచి డబ్బు తీసేసుకుంటారు, ఆ తరవాత మాకొద్దంటే తిరిగి రాదు. నచ్చకపోతే మన గది మనకే ఉంటుంది, డబ్బు తీసుకోరు. ఒప్పుకునే లోపల పాట తగ్గించుకోవచ్చు, మానుకోవచ్చు.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, పాట సాధారణంగా గదికి కాదు, మనిషికి. వంద డాలర్లు అని నొక్కితే గదిలో ఇద్దరికీ కలిపి రెండు వందలు. రెండోది, నంబరు మన చేతిలో ఉండదు. రాత్రి పొద్దుపోయేదాకా పాటలూ డాన్సులూ జరిగే హాలు కింద వేయవచ్చు. కిటికీకి అడ్డంగా ప్రమాదాలప్పుడు దింపే పడవ వేలాడుతుండవచ్చు. లేదా మనకు జరిగినట్టు జరగవచ్చు.

“మనకు” అంటున్నాను గాని, జరిగింది మా ఇంట్లోనే. మా ఆడపడుచు సింగపూరులో ఉంటుంది. మమ్మల్ని, మా అత్తగారిని, మా అమ్మాయిని అక్కడికి పిలిపించుకుని ఓడ ప్రయాణం ఏర్పాటు చేసింది. మాకు పక్కపక్కనే రెండు లోపలి గదులు, ఓడ నడిమధ్యన. అత్తగారూ అమ్మాయీ ఒక దానిలో, మేమిద్దరం పక్క దానిలో. పెద్దావిడ రాత్రి లేస్తే గోడమీద తట్టినా వినబడేంత దగ్గర. అంత ఆలోచించి తీసుకుంది ఆ పిల్ల.

తీరా పాట ఉత్తరం వచ్చేసరికి మావారికి ఉత్సాహం వచ్చింది. “అమ్మకు బాల్కనీ, అంతకన్నా ఏం కావాలి?” అని రెండు గదులకూ పాడారు. ఒక్కటే ఒప్పుకున్నారు. రైల్లోలాగా నలుగురినీ కలిపి చూడడం లేదిక్కడ, ఏ గది లెక్క ఆ గదిదే. అత్తగారూ అమ్మాయీ పై అంతస్తులో ఓడ ముందు కొసకు వెళ్ళారు. మేము కింద, మధ్యలోనే ఉండిపోయాం.

మొదటి రాత్రి సముద్రం కాస్త లేచింది. పన్నెండింటికి అమ్మాయి ఫోను: “అమ్మా, నాయనమ్మకు వాంతులవుతున్నాయి, నాకు భయంగా ఉంది” అని. నేను రెండు లిఫ్టులు తప్పి, గోడ పట్టుకుంటూ ఆ పొడుగాటి వసారా అంతా నడిచి వెళ్ళేసరికి పావుగంట. ఆవిడ మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉన్నారు. “ఏం లేదులేవే, నువ్వెందుకొచ్చావు” అన్నారు. ఆ మాటకి నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. మర్నాడు గది మార్చమంటే, ఓడ నిండిపోయింది, ఖాళీ లేదన్నారు. చివరికి అత్తగారిని మా కిటికీ లేని గదిలోకి తెచ్చుకున్నాను. ఆవిడా నేనూ అక్కడ, తండ్రీ కూతురూ పైన. ఆ రాత్రి ఆవిడ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయారు. తండ్రీ కూతురూ పగలంతా ఓడ చుట్టూ తిరగడమే. డబ్బు పోసి కొన్న బాల్కనీలో రెండు కుర్చీలూ ఖాళీగా గాలి తిన్నాయి.

ఎందుకలా జరిగిందో తరవాత తెలుసుకున్నాను. సిటీ బస్సులో వెనక సీట్లో కూర్చుంటే ప్రతి గుంతకూ ఎగిరిపడతాం, మధ్య సీట్లో అంత తెలియదు. ఓడా అంతే. అల వచ్చినప్పుడు ముందు కొస, వెనక కొస పైకీ కిందికీ ఊగుతాయి, నడుము దగ్గర కదలిక తక్కువ. అంతస్తు ఎత్తైన కొద్దీ పక్కలకు ఊగడం ఎక్కువ. కనుక తల తిరిగే వాళ్ళకు కింది అంతస్తులో మధ్య గదే శ్రేష్ఠం. మెలకువగా ఉన్నప్పుడు బయటి గాలి తగిలేలా కూర్చుని, దూరాన నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతను చూస్తుంటే కొంత నెమ్మదిస్తుంది.

అయితే పై గది దండగేనా? అలా అనను. కాళ్ళు సాగక పగలంతా గదిలోనే ఉండేవాళ్ళకు కిటికీ చాలా పెద్ద సుఖం. చంటిపిల్ల నిద్రపోతుంటే తల్లి బాల్కనీలో కూర్చోవచ్చు. మూసిన గదిలో ఊపిరాడనట్టుండే వాళ్ళున్నారు. వారం పది రోజుల ప్రయాణమై, రేవులు తక్కువ, సముద్రం మీద ఉండే రోజులు ఎక్కువ అయితే ఆ డబ్బు దండగ కాదు. రెండు మూడు రాత్రుల ప్రయాణంలో మాత్రం గదికి నిద్రకూ స్నానానికీ తప్ప వెళ్ళం. ఆ నిద్ర గంటలకు కిటికీ ఎందుకు?

కాబట్టి ఆ ఉత్తరం వచ్చినప్పుడు బటను నొక్కే ముందు నాలుగు సంగతులు చూసుకోండి. పాటను ఇద్దరితో హెచ్చవేయండి. సూట్ అయితే పనివాళ్ళకిచ్చే రోజువారీ సొమ్ము కూడా ఎక్కువ పడుతుందేమో అడగండి. మీవాళ్ళ గదులు పక్కపక్కన ఉండడం ముఖ్యమైతే అసలు పాడకండి. చక్రాల కుర్చీ పట్టే వెడల్పు తలుపు గది అడిగి తీసుకున్నవాళ్ళు కూడా పాట జోలికి పోవద్దు. ఈ నాలుగూ దాటాక కూడా “ఈ గది మాకు ఫలానా అవసరానికి కావాలి” అని చెప్పగలిగితే నిక్షేపంగా పాడండి. “ఊరికే, పైది కదా” అనిపిస్తే ఆ డబ్బు ఉంచుకోండి, దిగాక పిల్లలతో మంచి భోజనం చేయవచ్చు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మా అత్తగారిది కాకినాడ దగ్గర పల్లె. మూడో రోజు పొద్దున్న ఆవిడను పై డెక్కు మీదికి తీసుకువెళ్ళాను. అక్కడ కూర్చోవడానికి ఎవరికీ అదనంగా డబ్బు కట్టనక్కరలేదు. చాలాసేపు నీళ్ళవంక చూసి, “మా తాత రంగం వెళ్ళినప్పుడు డెక్కు మీదే వెళ్ళాడటే” అన్నారు. రంగం అంటే రంగూను. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల నుంచి, విశాఖ నుంచి కూలీలు బర్మాకు ఓడల్లో అలాగే వెళ్ళేవారు. గది లేదు, మంచం లేదు, చాప పరచినంత చోటే వాళ్ళది. కోరంగి రేవు పేరుమీద అక్కడ మనవాళ్ళను కోరంగీలనే పిలిచేవారు. “నాకు ఇది చాలు. రాత్రి మాత్రం నీ పక్కనే పడుకుంటాను” అన్నారావిడ.

ఆ మాట ముందే అడిగి ఉంటే, మావారు ఆ పాట పాడి ఉండేవారు కాదు. గది మార్చే ముందు అందులో పడుకోబోయే మనిషిని ఒక్కసారి అడగండి, సోదరీమణులారా! సెలవు.