క్వేజారు వెలుగులో గెలాక్సీల నీడలు

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ సమయమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునుండి సూర్యజ్వాలల వర్ణపటమును పరిశీలించి, అందు మెఱయు రేఖలను చూచెను. జ్వాలలు వాయుమయములని దానివలన తేలినది. క్వేజారుల విషయమున మనము చదువబోవునవి నల్లని రేఖలు.

మా చింతలపూడి మామిడితోటలలో రాత్రివేళ ఆవలిగట్టున కావలివాని లాంతరు వెలుగుచుండగా ఈవలనున్నవానికి చెట్లు కానరావు. లాంతరు మఱుగుపడుటనుబట్టి నడుమ కొమ్మ కలదని తెలియును. ఉపమానము ఇంతవఱకే చెల్లును. కొమ్మ వెలుగునంతను ఆపును. గెలాక్సీలోని వాయువు తనకు తగిన తరంగదైర్ఘ్యములనే హరించును.

అయనీకృత మెగ్నీషియము 2796, 2803 ఆంగ్‌స్ట్రాములవద్ద జంటరేఖల నిచ్చును. వాయువు అరుణ విస్థాపనము 1 అయినచో అవి మనకు 5592, 5606 వద్ద కనబడును. స్థానము మాఱినను ఆ రెంటి నిష్పత్తి మాఱదు. రేఖల గుంపులో జంటను పోల్చుకొనుటకు ఇదియే ఆనవాలు.

ఈ రేఖలు క్వేజారు తానే వెడలగ్రక్కిన వాయువువా, నడిమి గెలాక్సీలవా యను వివాదము చాలకాలము సాగినది. గెలాక్సీలను చుట్టియున్న విశాల వాయుపరివేషములే కారణమని 1969లో బాకాల్, స్పిట్జర్ సూచించిరి. 1991లో బెర్జెరాన్, బొయిసే క్వేజారుల ప్రక్కన వెదకి, అదే అరుణ విస్థాపనముగల గెలాక్సీలను చూపిరి. అట్లని రేఖలన్నియు నడిమివే యనరాదు. మిక్కిలి వెడల్పైన కొన్ని మెగ్నీషియ, కార్బను రేఖలు క్వేజారు సొంతవే.

హైడ్రోజను 1216 రేఖ విశేషమైనది. చూపుదారిలో చదరపు సెంటీమీటరునకు 2 ప్రక్కన 20 సున్నలు చేర్చినన్ని పరమాణువులున్నచో ఆ రేఖ లోయవలె వెడల్పగును. అట్టి వాయువులోని లోహముల పాలు కొలుచుటకు జింకు రేఖలు మేలు. జింకు ధూళికణములకు అంతగా అంటుకొనదు. పూర్వకాలపు ఇట్టి వాయువులలో ఆ పాలు చాలమట్టుకు సూర్యునిలోని పదవవంతునకు లోపే. కాంతితో వెదకువారికి ప్రకాశముగల గెలాక్సీలే ముందు దొరకును. నీడతో వెదకినచో మసకవియు చిక్కును.

ఇచట ఒక మాట. వీనిని ‘శోషణరేఖ’లనుచున్నాము. శోషణ మనగా ఎండించుట. విద్యార్థి కాంతి అచటనే ఇంకిపోయినదని తలచును. నిజమునకు పరమాణువు గ్రహించిన కాంతిని తఱచు నలుదెసల వెదజల్లును. మనవైపు వచ్చునది తగ్గును. ‘లోపరేఖ’ యనుట మేలని మా అభిప్రాయము.

ఒక్క క్వేజారు ఒక్క దారినే చూపును. వాయువు ఎంతమేర వ్యాపించినదో దానివలన తెలియదు. 1979లో కనుగొన్న జంట క్వేజారువంటివి, నడిమి గెలాక్సీ ఆకర్షణవలన రెండుగా కనబడునవి, రెండు దారుల నిచ్చును. రెంటను ఒకే లోపరేఖ యున్నచో వాయువు ఆ రెండు దారులను కప్పునంత వెడల్పైనదని చెప్పవచ్చును.