చేప ముందా, చీమ ముందా?

ఒకటో తరగతి వర్క్‌బుక్‌లో నాలుగు బొమ్మలుంటాయి. విత్తనం, మొలక, మొక్క, పూలచెట్టు. వరసగా నంబర్లు వేయమంటారు. పిల్లలు చకచకా వేసేస్తారు. అన్నిటికంటే చిన్న బొమ్మ ఒకటి, పెద్దది నాలుగు! టీచరు టిక్కు పెట్టేస్తుంది. వరస వచ్చేసిందని మనమూ మురిసిపోతాం.

దానికంటే వంటింటి గట్టు మేలు. ఉప్మా చేస్తూ పిల్లల్ని అడగండి. ఉల్లిపాయ ముందు తరగాలా, పచ్చిమిర్చా? ఏదైనా ఒకటే. మరి నూనె కాగకముందే ఆవాలు వేస్తే? చిటపటలాడవు. ఎసరు పెట్టకుండా రవ్వ ఉడకదు. అంటే కొన్ని పనులకు వరస ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఈ తేడా తెలియడమే అసలు చదువు. వర్క్‌బుక్కులు దీని జోలికే పోవు. వరస అక్కర్లేని చోట కూడా తప్పని ఎర్రసిరా గీసేస్తాయి.

ఒకటి జరిగితేనే ఇంకోటి జరిగే పనుల్ని మాటలు సరిగా రాని పిల్లలు కూడా బాగా గుర్తుపెట్టుకుంటారు. అమెరికాలో ప్యాట్రీషియా బావర్, జీన్ మాండ్లర్ 1989లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది ఇదే. పిల్లలకు ఓ పని చేసి చూపించి, మళ్లీ చేయమనడం వాళ్ల పద్ధతి. కప్పులో బంతి వేసి, పైన ఇంకో కప్పు మూసి, ఊపితే గిలక అవుతుంది. బంతి వేయకుండా మూసి ఊపితే చప్పుడేది? ఇలాంటి వరసలు పిల్లలకు పట్టుబడ్డాయి. ఏది ముందు చేసినా ఫరవాలేని పనుల్లో మాత్రం తడబడ్డారు.

మాటల దగ్గర ఇంకో చిక్కు. మూడు నాలుగేళ్ల పిల్లలు చాలాసార్లు విన్న వరసలోనే జరిగిందనుకుంటారని ఈవ్ క్లార్క్ 1971లోనే చెప్పింది. ‘స్నానం చేసే ముందు పాలు తాగు’ అంటే, చెవిన ముందు పడింది స్నానమే మరి.

ఈ లెక్కన మన ఏడు చేపల కథ పెద్ద పరీక్షే. చేప ఎండకపోవడంతో కథ మొదలవుతుంది గానీ, జరిగినవాటిలో అది ఆఖరుది. ముందు పుట్టలో వేలు పడింది. చీమ కుట్టింది, పిల్లాడు ఏడ్చాడు, వాణ్ని ఊరుకోబెట్టడంలో అవ్వ బువ్వ పెట్టలేదు. ఆకలితో గొల్లవాడు ఆవును మేపలేదు, గడ్డిమేటు తరగలేదు, చేపకు ఎండ తగల్లేదు. చేప నుంచి చీమ దాకా ‘ఎందుకు’ అని అడుగుతూ వెళ్లాలి, చీమ నుంచి చేప దాకా ‘అప్పుడేమైంది’ అని అడుగుతూ రావాలి. కథ నోటికొచ్చాక తిరుగు ప్రయాణం చేయించండి. గడగడా అప్పజెప్పిన పిల్లలే ఆగి ఆలోచిస్తారు.

ఈ కథ బొమ్మల్ని వరసగా పేర్చమన్నప్పుడు ఏదైనా తప్పు చోట పెడితే వెంటనే సర్దేయకండి. ఓ అయిదేళ్ల పాప అవ్వ బొమ్మను చీమకంటే ముందు పెట్టింది. అదేమిటే అంటే, “అవ్వ బువ్వ పెట్టలేదుగా, అందుకే పిల్లాడు ఏడ్చాడు” అంది.

“మరి పుట్టలో వేలెందుకు పెట్టాడు?”

“ఆకలేసి. లోపల తినడానికేమన్నా ఉందేమోనని.”