డబ్బా మీది రంగు, కాగితంలోని అంకె

రాంబిల్లి మండలంలో అన్న వరిచేలో మందు కొడితే, చెల్లి అచ్యుతాపురం సెజ్‌లో కుట్టుపనికి పోయే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇద్దరి బతుకూ విషం పక్కనే. 2022 జూన్ 3న, మళ్ళీ ఆగస్టు 2న అక్కడి దుస్తుల ఫ్యాక్టరీలో మహిళా కార్మికులు వాంతులతో, ఊపిరాడక కుప్పకూలారు. రెండుసార్లూ బాధితులు వందకు పైనే. పరీక్షల్లో క్లోరోపైరిఫాస్ బయటపడిందని పత్రికల్లో వచ్చింది. అది మన చేలల్లో కొట్టే పురుగుమందే!

ఇటువంటి రసాయనం మనిషినేం చేస్తుందో చెప్పే కాగితం ఒకటున్నది. దాని పేరు సేఫ్టీ డేటా షీట్. అందులో 16 భాగాలుంటాయి. అన్నీ చదవనక్కరలేదు. 4వది ప్రథమ చికిత్స, 8వది ఒంటికి రక్షణ, 11వది విషప్రభావం. ఈ మూడూ మనవి.

11వ భాగంలో ఎల్‌డి 50 అని ఒక అంకె కనబడుతుంది. ప్రయోగశాలలో ఎలుకలకు మందు పెడితే సగం చచ్చిపోయే మోతాదు అది. ఎలుక బరువు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క. అంకె ఎంత చిన్నదైతే విషం అంత పెద్దది. డబ్బా మీది త్రికోణం రంగు కూడా ఈ లెక్కే. నోటి ద్వారా 50 వరకు ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 5000 వరకు నీలం, ఆ పైన ఆకుపచ్చ. క్లోరోపైరిఫాస్ అంకె సుమారు 135. అంటే పసుపు. పసుపు డబ్బా మీద పుర్రె బొమ్మ ఉండదు. బొమ్మ లేదని ధైర్యపడితే మోసపోతాం. పారాక్వాట్ కలుపుమందు కూడా పసుపే. దానికి విరుగుడే లేదు.

ఆ అంకె ఒక్కసారి మింగించిన ఎలుక లెక్క. సీజనంతా పంపు వీపున మోసి, తడిసిన చొక్కాతో, వట్టికాళ్ళతో తిరిగే కూలీ లెక్క అందులో లేదు. అందుకే చర్మం, శ్వాస, దీర్ఘకాల ప్రభావం అనే వరుసలు కూడా చూడాలి. అక్కడ 'సమాచారం లేదు' అని రాసి ఉంటే ప్రమాదం లేదని కాదు అర్థం. ఆ సమాచారం వాళ్ళ దగ్గర లేదని మాత్రమే.

మందు ఒంటిన పడితే బట్టలు విప్పేసి సబ్బుతో కడగాలి. ద్రావకం కలిసిన మందు మింగినవాణ్ణి ఉప్పునీళ్ళు తాగించి కక్కించకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. క్లోరోపైరిఫాస్‌కు విరుగుడు అట్రోపిన్ అని పేరు చూస్తేనే డాక్టరుకు తెలుస్తుంది.

1971 నాటి పురుగుమందుల నిబంధనలు మందుతో పాటు ప్రాంతీయ భాషలో కరపత్రం ఉండాలన్నాయి. ప్రమాదకర రసాయనాల పరిశ్రమలు డేటా షీట్ ఉంచాలనీ, అడిగితే చూపాలనీ 1989 నిబంధనలు అన్నాయి. చట్టం కాగితం మీద ఉన్నది, కాగితం యజమాని బీరువాలో ఉన్నది!

కనుక మేము చెప్పేది ఒక్కటే. పంపు భుజాన వేసుకునే ముందు కరపత్రం అడగండి. చదవలేకపోతే చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. చేతితొడుగులు, ముక్కుగుడ్డ, కాళ్ళకు బూట్లు ఇవ్వనిదే మందు కలపమని అందరూ కలిసి చెప్పండి. ఒక్కడు అడిగితే కూలి పోతుంది. ఊరంతా అడిగితే కాగితం బయటికొస్తుంది.