గాలిమరల దారులు – మెట్ట భూముల సంరక్షణ

ఉమ్మడి అనంతపురం జిల్లాలో రామగిరి కొండలపైనా, ఉరవకొండ ప్రాంతపు మెట్ట పొలాలలోనూ గాలిమరలు నెలకొన్నాయి. గాలిమర పునాదికి పట్టే స్థలం స్వల్పమే. దానిని చేరే దారి మాత్రం అనేక చేల మీదుగా సాగుతుంది. కాబట్టి సాగుభూమికి కలిగే నష్టం దారి ఎంపికపైనే అధికంగా ఆధారపడి ఉంటుంది.

50 మీటర్లకు మించిన రెక్కను సాధారణంగా ఒకే ఖండంగా తరలిస్తారు. మలుపు వద్ద రెక్క కొన దారి అంచు దాటి తిరుగుతుంది. అందుచేత విశాలమైన మలుపులు, తక్కువ వాలు గల మార్గం అవసరం.

ఇరుసు బరువు 10 టన్నులు దాటిన వాహనం తడినేలపై నడిస్తే 40 సెం.మీ. లోతుకు దిగువన కూడా నేల గట్టిపడవచ్చు. అంత లోతుకు సాధారణ దుక్కి చేరదు. వేర్ల పెరుగుదల, వాననీటి ఇంకుదల రెండూ తగ్గుతాయి. తడిసిన నల్లరేగడిలో ఈ ముప్పు ఎక్కువ.

వాలుకు అడ్డంగా ఎత్తుగా వేసిన దారి కట్టవలె నీటిని నిలుపుతుంది. ఎగువ చేను ముంపునకు గురవుతుంది. కల్వర్టు దిగువన నేల కోసుకుపోతుంది. సహజమైన ప్రతి నీటిదారి వద్దా తగిన కల్వర్టు, దాని దిగువన రాతికట్టు ఏర్పరచాలి.

భారీ రవాణాను పొడి నెలలకు పరిమితం చేయాలి. పైమట్టిని విడిగా నిల్వచేయాలి. పని ముగిసిన పిమ్మట తాత్కాలిక స్థలాలను ఉలినాగలితో లోతుగా దున్ని, ఆ మట్టిని తిరిగి పరచాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు మార్గ సర్వే దశలోనే పాల్గొనడం ఆవశ్యకం. మార్గం ఖరారైన పిదప రైతుకు మిగిలేది పరిహారపు చర్చ మాత్రమే.