లయకారుని నాయకత్వం

శ్రుతిని తల్లిగాను, లయను తండ్రిగాను మన పెద్దలు సంభావించారు. కాని కచేరీ వేదికపై ఆ తండ్రికి లభించింది పక్కస్థానమే. గాయకుడు మధ్యలో ఆసీనుడవుతాడు, మార్దంగికుడు పక్కవాద్యకారుడిగా మిగులుతాడు. తని ఆవర్తనం సాగే కొద్ది నిమిషాలు మాత్రమే వేదిక అతనిది. ఆ సమయంలోనే శ్రోతలు కొందరు కాఫీకి లేచిపోవడం ఒక విచిత్రం.

మా నంగునూరు ప్రాంతంలో బోనాల ఊరేగింపు చూసినవారికి మరొక దృశ్యం తెలుసు. అక్కడ డప్పు ముందు నడుస్తుంది, జనం అడుగులు దాని దరువును అనుసరిస్తాయి. అయినా ఆ డప్పు వాయించేవానికి సమాజం చాలాకాలం చూపిన చోటు ఊరి చివరే.

పాశ్చాత్య దేశాల జాజ్ సంగీతంలోనూ డ్రమ్స్ వాద్యకారుడు సాధారణంగా వెనుక వరుసలో కూర్చుంటాడు. అమెరికాలోని నల్లజాతి ప్రజల జీవితం నుంచి పుట్టిన ఈ సంగీతానికి, మన సంగీతానికి వలెనే, మనోధర్మం ప్రాణం. 1960ల చివర దీనికి రాక్ సంగీతపు విద్యుత్ వాద్యాలు తోడై ‘ఫ్యూజన్’ అనే మిశ్రమ శైలి ఏర్పడింది. ఆర్ట్ బ్లేకీ, మాక్స్ రోచ్ వంటి డ్రమ్స్ విద్వాంసులు అంతకు ముందే సొంత బృందాలు నడిపారు. ఫ్యూజన్‌లో ఆ బాధ్యతను స్వీకరించి ఘనవిజయం పొందినవాడు బిల్లీ కాబమ్.

కాబమ్ 1944లో పనామాలో జన్మించి న్యూయార్క్‌లో పెరిగాడు. గిటార్ విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్ స్థాపించిన మహావిష్ణు ఆర్కెస్ట్రాలో ఉండగానే, 1973 మే నెలలో, నాయకుడిగా తన తొలి ఆల్బమ్ ‘స్పెక్ట్రమ్’ను మూడు రోజుల్లో రికార్డు చేశాడు. అందులోని రచనలన్నీ అతనివే. గిటార్‌కు అతడు ఎంచుకున్నది జాజ్ పండితుణ్ణి కాదు, టామీ బోలిన్ అనే ఇరవై ఒక్క ఏళ్ల రాక్ యువకుణ్ణి. ఆ సాహసం ఫలించింది. ఆల్బమ్ అమెరికా జాజ్ పట్టికలో ప్రథమస్థానాన్ని, సాధారణ పట్టికలో 26వ స్థానాన్ని పొందింది.

నాయకుడు తానే కాబట్టి కాబమ్ ఆల్బమ్ అంతా తన డ్రమ్స్‌తో నింపి ఉండవచ్చు. అలా చేయలేదు. ఒంటరి వాదనలు చిన్నవి, కీర్తనకు ముందు ఆలాపన వలె రచనలకు ప్రవేశికలుగా నిలుస్తాయి. ‘స్ట్రాటస్’ అనే రచన నిడివి దాదాపు పది నిమిషాలు. అందులో బాస్ గిటార్ ఒక చిన్న పలుకును పట్టుకొని మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. డ్రమ్స్ దానికి దన్నుగా నిలబడతాయి. గిటార్, కీబోర్డు వాటిపై స్వేచ్ఛగా విహరిస్తాయి. తబలా ఏకవాదనలో సారంగిపై సాగే లెహరాను విన్నవారికి ఆ బాస్ పలుకు కొత్తగా తోచదు. 1991లో ఇంగ్లండుకు చెందిన మాసివ్ అటాక్ బృందం ఇదే పలుకుపై తమ పాటను నిర్మించింది.

మెక్లాఫ్లిన్ ఆ తరువాత జాకీర్ హుసేన్, ఘటం విద్వాంసుడు విక్కు వినాయక్‌రామ్ ప్రభృతులతో ‘శక్తి’ బృందాన్ని నడిపాడు. దాని మలిరూపమైన ‘రిమెంబర్ శక్తి’లో మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ వాయించాడు.

విద్యార్థులు ‘స్ట్రాటస్’ను చేతితో తాళం వేస్తూ వినాలి. ఆరంభంలో తాళం అందదు, కంగారు పడనక్కరలేదు. బాస్ పలుకు మొదలైన చోట నాలుగేసి లెక్కలతో పట్టుకోవచ్చు. చెయ్యి కుదిరాక, చెవిని డ్రమ్స్ వైపు మళ్లించాలి.